పంక్ సెట్‌లో నామజపం, మౌనం: ఎలా కట్టాలి? ఇదివరకు ఎవరు చేశారు? ఎక్కడ బెడిసికొడుతుంది?

మూడుతీగలు:

మాది గిటార్, బేస్, డ్రమ్స్‌తో ముగ్గురమే ఉన్న హార్డ్‌కోర్ (ఇంకా వేగంగా, అరుస్తూ సాగే పంక్) బృందం. పాడేది బేస్ వాయించే మనిషే. 20 నిమిషాల సెట్, అంటే వేదిక మీద మా వంతు వాయింపు, ఒకటి కడుతున్నాం. అందులో నామజపమూ ఉండాలి, మౌనమూ ఉండాలి. భజన పాటకి గిటార్ డిస్టార్షన్ గరగర తగిలించి చేతులు దులుపుకోవడం మాకు ఇష్టం లేదు. వాయించేవాళ్లలోనూ వినేవాళ్లలోనూ లోపల ఏదైనా కదలాలి, అది మర్నాడు పొద్దున కూడా కాస్త మిగలాలి.

అడగాల్సినవి మూడు. ఈ దారిలో ముందు నడిచినవాళ్లు ఎవరు, ఏ వరసలో వింటే అర్థమవుతుంది? 180 బీపీఎం (నిమిషానికి 180 బీట్లు) దగ్గర మంత్రం మాటలు నలిగిపోకుండా ఎలా పట్టించాలి? దేవుడూ వద్దు దొరా వద్దు అనే పంక్, గురువు ముందు తల వంచే సాధనతో ఎలా కలుస్తుంది? గిటార్ మీద మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) నేర్చుకుని బృందం పెట్టెయ్యమని స్నిఫిన్ గ్లూ అనే పంక్ పత్రిక బొమ్మ గీసి మరీ చెప్పింది కదా, సాధనకి అలాంటి అడ్డదారి ఉందా అన్నది అసలు అనుమానం.

వెనకవరుస:

ముందు ఒక చిన్న సవరణ. ఆ మూడు కార్డుల బొమ్మ స్నిఫిన్ గ్లూలో వచ్చింది కాదు. సైడ్‌బర్న్స్ అనే ఇంకో ఫ్యాన్‌జీన్‌లో (అభిమానులు సొంతంగా వేసుకునే పత్రికలో) 1977 జనవరిలో వచ్చింది. అందరూ తప్పు పత్రికకే జమకడుతుంటారు.

వినడం బ్యాడ్ బ్రెయిన్స్‌తో మొదలుపెట్టండి. వాషింగ్టన్ డీసీ వాళ్లు. పంక్‌లోకి రాకముందు మైండ్ పవర్ అనే పేరుతో జాజ్ ఫ్యూజన్ వాయించేవాళ్లు, అందుకే అంత వేగంలోనూ చేతులు తడబడవు. తొలి రోజుల్లో వాళ్ల నమ్మకమంతా పీఎంఏ, అంటే పాజిటివ్ మెంటల్ ఆటిట్యూడ్ మీద. దానికి మూలం నెపోలియన్ హిల్ 1937లో అచ్చువేసిన పుస్తకం. డబ్బు సంపాదించడం ఎలాగో చెప్పే పుస్తకంలోంచి పంక్ వేదాంతం పుట్టిందంటే విడ్డూరమే, కానీ పుట్టింది. ఆ తర్వాత జమైకాలో పుట్టిన రాస్తఫారీ మతమార్గం పట్టారు. 1982లో రాయిర్ సంస్థ క్యాసెట్‌గా వేసిన వాళ్ల తొలి ఆల్బమ్‌ని మధ్యలో ఆపకుండా, పాటలు దాటెయ్యకుండా వినండి. నిమిషం, నిమిషంన్నర పాటలు మీద పడుతుండగా మధ్యలో నింపాదిగా జమైకా సంగీతం రెగే వస్తుంది. ఆ రెగే పాటల్ని ఎగరేసి వినేవాళ్లకి ఆల్బమ్‌లో సగమే అందినట్టు. మీ సెట్‌కి కావలసిన మొదటి పాఠం అక్కడే ఉంది.

ఆ తర్వాత న్యూయార్క్. ఇక్కడ భూగోళం తెలియకపోతే కథ అర్థం కాదు. ఇస్కాన్ 1966లో మొదలైంది 26 సెకండ్ ఎవెన్యూలో, ఒక చిన్న దుకాణం గదిలో. పంక్ అడ్డా అయిన సీబీజీబీ క్లబ్బు ఉండేది 315 బావరీలో. రెంటికీ మధ్య నడక ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఇస్కాన్ స్థాపకుడు భక్తివేదాంత స్వామి చెట్టు కింద కూర్చుని కీర్తన చేయించిన టాంప్కిన్స్ స్క్వేర్ పార్కు కూడా ఆ చుట్టుపక్కలే. 1980ల్లో ఆ పేటలో పాడుబడ్డ భవనాల్లో తలదాచుకునే హార్డ్‌కోర్ కుర్రాళ్లకి కృష్ణభక్తులు ప్రసాదం పెట్టేవాళ్లు. ముందు అన్నం, ఆ తర్వాతే తత్వం. క్రో-మ్యాగ్స్ బృందం వచ్చింది ఆ వాతావరణంలోంచే. 1986లో వచ్చిన తొలి ఆల్బమ్‌కి కలియుగం పేరు పెట్టారు. 1989 ఆల్బమ్ అట్ట మీద హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న నరసింహుడి బొమ్మ వేశారు. ఆ పాటల్లో ఉన్నది శాంతి కాదు, వీధిలో బతికి బయటపడాలన్న కసి. నరసింహుణ్ణే ఎందుకు ఎంచుకున్నారో పాట వింటే తెలిసిపోతుంది.

మూడో మెట్టు యూత్ ఆఫ్ టుడే నుంచి షెల్టర్ దాకా. దీని కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. మైనర్ థ్రెట్ బృందం 1981లో నిమిషం కూడా నిండని ఒక పాటలో స్ట్రెయిట్ ఎడ్జ్ అన్న మాట వాడింది: తాగను, పొగ పీల్చను, మత్తులో పడను. చేతి మీద గీసే ఎక్స్ గుర్తు అంతకుముందే ఉంది. మైనర్లకి మందు పొయ్యకూడదని క్లబ్బులవాళ్లు పెట్టే గుర్తునే కుర్రాళ్లు తమ జెండా చేసుకున్నారు. 1985లో మొదలైన యూత్ ఆఫ్ టుడే దానికి శాకాహారం జోడించింది. ఆ గాయకుడు రే కాపో తర్వాత కృష్ణభక్తుడై, 1990 ప్రాంతంలో షెల్టర్ మొదలుపెట్టాడు. ఇస్కాన్ దీక్షలో నియమాలు నాలుగు: మాంసం చేపలు గుడ్లు ముట్టకూడదు, మత్తు కూడదు, జూదం కూడదు, అక్రమ లైంగిక సంబంధం కూడదు. ఎడ్జ్ కుర్రాళ్లు వీటిలో రెంటిని అప్పటికే పాటిస్తున్నారు. గుళ్లోకి అడుగుపెట్టేసరికే సగం దూరం నడిచేశారన్నమాట. షెల్టర్‌లో 1995 నాటి ఆల్బమ్ అందరికీ ఎక్కుతుంది, ముందు అదే వినండి. దాని తర్వాత 108 అనే బృందం. పేరు జపమాల పూసల లెక్కే. షెల్టర్ నవ్వుతూ చెప్పినదాన్ని వీళ్లు గుండె బాదుకుంటూ చెప్తారు. విరహభక్తి అంటే ఏమిటో డిస్టార్షన్‌లో వినాలనుకుంటే అక్కడికే వెళ్లాలి.

ఇంగ్లండ్ వైపు ఎక్స్-రే స్పెక్స్ గాయని పాలీ స్టైరీన్, అదే బృందంలో శాక్సఫోన్ వాయించిన లోరా లాజిక్ ఇద్దరూ కృష్ణభక్తి వైపే వెళ్లారు. వాళ్ల 1978 ఆల్బమ్‌లో ప్లాస్టిక్ వస్తువుల మీద, కొనుగోళ్ల పిచ్చి మీద విసుగు నిండి ఉంటుంది. ఆ విసుగు చివరికి ఎటు దారితీసిందో తెలిశాక మళ్లీ వింటే వేరుగా వినిపిస్తుంది.

ఇదంతా కృష్ణుడి చుట్టూనే తిరిగిందనుకోవద్దు. రంగూన్‌లో 2007 నుంచీ ఉన్న రెబెల్ రయట్ బృందం బౌద్ధ దేశంలో పుట్టి, మతం పేరుతో విద్వేషం రెచ్చగొట్టిన భిక్షువుల మీదే పాటలు కట్టింది, వీధుల్లో అన్నం పంచింది. అమెరికాలో ముస్లిం కుర్రాళ్ల తక్వాకోర్ ఇంకో పాయ. దీనికి తలకిందులు రూపం కూడా ఉంది. 2011 డిసెంబరులో ఇండోనేసియాలోని బందా ఆచేలో పోలీసులు ఒక పంక్ కచేరీ మీద పడి 60 మందికి పైగా పట్టుకుపోయారు. గుండ్లు గీయించి, చెరువులో ముంచి, ప్రార్థనలు చేయించి దానికి సంస్కరణ అని పేరు పెట్టారు. పైనుంచి రుద్దితే మార్పు రాదని ఒప్పించడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. మీ మూడో ప్రశ్నకి సగం జవాబు కూడా ఇదే: పంక్ ఎదిరించింది నియమాన్ని కాదు, బలవంతాన్ని. తనంతట తాను పెట్టుకున్న నియమం విషయంలో పంక్‌వాళ్లంత మొండివాళ్లు దొరకరు.

డబుల్‌స్ట్రోక్:

రెండో ప్రశ్న నాకు వదలండి. ముందు లెక్క.

హరే కృష్ణ మహామంత్రంలో 16 మాటలు, మాటకి రెండక్షరాలు, వెరసి 32. బీట్‌కి రెండక్షరాల చొప్పున వేస్తే 16 బీట్లు, అంటే 4 బార్లు (నాలుగేసి బీట్ల గుంపులు). 180 బీపీఎంలో ఆ 4 బార్లకి పట్టేది 5.3 సెకన్లు. దీని పక్కన జపమాల పెట్టి చూడండి. అలవాటున్నవాళ్లు 108 పూసల మాలని 7, 8 నిమిషాల్లో తిప్పేస్తారు. అంటే మంత్రానికి దాదాపు 4 సెకన్లు. మీ హార్డ్‌కోర్ వేగం గుళ్లో కూర్చుని గొణుక్కునే జపం కన్నా నెమ్మది! మాటలు నలిగిపోవడానికి కారణం వేగం కాదు, ఊపిరి.

32 అక్షరాలూ ఒకే ఊపిరిలో అరవాలని చూస్తే చివరి నాలుగు మాటలకి గాలి చాలదు. గాలి చాలనప్పుడు మనిషి తెలియకుండానే గొంతు బిగిస్తాడు, స్వరపేటిక రాసుకుంటుంది, మూడో పాటకల్లా బొంగురు. కాబట్టి కీర్తన పద్ధతే వాడండి: గాయకుడు 2 బార్లు, జవాబు 2 బార్లు. జవాబు నడిచే 2.7 సెకన్లు గాయకుడికి ఊపిరి తీసుకునే సమయం. హార్డ్‌కోర్‌లో గ్యాంగ్ వోకల్స్ (గుంపుగా అరిచే పల్లవులు) ఎటూ ఉన్నవే కాబట్టి చెవికి కొత్తగా అనిపించదు. జవాబు గిటారిస్టు చెప్పాలి, జనం అందుకోవాలి. డ్రమ్మర్‌కి మైక్ పెట్టకండి. కూర్చుని బాదుతూ అరిచే మనిషి ప్రతి అరుపుకీ ఒక పిసరు వేగం పెంచేస్తాడు.

డ్రమ్స్‌కి స్కాంక్ బీట్ చాలు: బీట్ మీద కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), బీట్‌కీ బీట్‌కీ మధ్య స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్). అప్పుడు ప్రతి మాట మొదటి అక్షరానికీ కిక్, రెండో అక్షరానికి స్నేర్ పడుతుంది. "హ" మీద కిక్, "రే" మీద స్నేర్. మాట దానంతట అదే నిలబడుతుంది. డీ-బీట్ అనే ఇంకో పంక్ లయ మీద మోజున్నా ఇక్కడ వద్దు. అందులో కిక్ అటూ ఇటూ జరుగుతుంది, సమానంగా నడిచే 32 అక్షరాలతో గొడవపడుతుంది. దాన్ని మాటలు లేని భాగాలకి ఉంచుకోండి.

హాఫ్‌టైమ్‌కి (సగం వేగంలా వినిపించే లయకి) దిగినప్పుడు మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) 180లోనే ఉండాలి, స్నేర్ మాత్రం మూడో బీట్ మీదకి మారాలి. అక్షరానికి ఒక బీట్ వస్తుంది కాబట్టి మంత్రం 8 బార్లకి సాగుతుంది. చాలామంది డ్రమ్మర్లు ఇక్కడ నిజంగానే నెమ్మదించేస్తారు, తిరిగి పైకెక్కేటప్పుడు ముగ్గురూ మూడు వేగాల్లో ఉంటారు. చేతులు ఏం చేస్తున్నా పెదాలతో 180 లెక్క పెడుతూనే ఉండటమొక్కటే మందు.

గిటార్ డ్రాప్ డీ ట్యూనింగ్‌లో పెట్టండి. అడుగు మూడు తీగలు డీ, ఏ, డీ, అంటే స, ప, స. తంబురా శ్రుతే. మూడింటి మీదా ఒకే వేలు అడ్డంగా పెడితే పవర్ కార్డ్. అందులో గాంధారం ఉండదు కాబట్టి మేజరూ కాదు మైనరూ కాదు, పైన ఏ స్వరంలో మంత్రం పాడినా తగువు రాదు. డిస్టార్షన్ ఉన్నప్పుడు గాంధారం కలిపితే రొద రొదగా మారుతుంది, అదీ ఒక కారణం. అయితే లావు తీగని ఇ నుంచి డీకి దించితే బిగువు ఐదో వంతు తగ్గుతుంది. గట్టిగా కొట్టినప్పుడల్లా శ్రుతి పైకి ఎగిరి దిగుతుంది, తీగ ఫ్రెట్ల మీద చిరచిరలాడుతుంది. 46 గేజ్ తీగ తీసేసి 52 వెయ్యండి. లావు తీగ నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుంటే శ్రుతి నిలవదు, గాడి కొంచెం వెడల్పు చేయించాలి. బేస్‌లో కూడా అడుగు తీగ డీకి దించండి. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) మీరు అనుకుంటున్నదాంట్లో రెండొంతులు చాలు. 180లో ఎనిమిదో నోట్లు (బీట్‌కి రెండు) డౌన్‌స్ట్రోక్‌లో, పైనుంచి కిందికే కొడుతున్నప్పుడు గెయిన్ ఎక్కువైతే దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు పూడిపోయి గోడలా వినిపిస్తుంది, మంత్రం దాని వెనక పడిపోతుంది.

జనం అందుకోవాలంటే వరస షడ్జం నుంచి పంచమం లోపలే ఉంచండి, మూడు నాలుగు స్వరాలకి మించొద్దు. కార్డు రెండు బార్లకి ఒకసారి మారితే చాలు. బేస్ వాయిస్తూ పాడే మనిషికి అదే సుఖం.

సెట్ ఇలా పేర్చవచ్చు. ఫీడ్‌బ్యాక్ డ్రోన్ (యాంప్ నుంచి సాగే ఒకే హోరు) 2 నిమిషాలు. నిమిషంన్నర పాటలు నాలుగు, మధ్యలో ఆపకుండా, మాట్లాడకుండా: 6 నిమిషాలు. 70 బీపీఎంలో రెగే డబ్ తరహా వాయింపు 4 నిమిషాలు. మౌనం 1 నిమిషం. చివర జపం 5 నిమిషాలు. మొత్తం 18, మిగతా 2 నిమిషాలు తీగ తెగితేనో శ్రుతి తప్పితేనో. మౌనాన్ని చివర పెట్టొద్దు. అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేస్తారు. మధ్యలో పెడితే ఏం జరుగుతోందో తెలియక నిలబడతారు, కావలసింది ఆ తెలియకపోవడమే. ముందుగా ప్రకటించకండి. పావు నిమిషం దాటాక ఎవరో ఒకరు ఈల వేస్తారు, నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి, కదలకండి. యాంప్ స్టాండ్‌బై స్విచ్ ఆ సమయంలో నొక్కితే టప్పుమంటుంది, మౌనం అక్కడే చచ్చిపోతుంది. ట్యూనర్ పెడల్‌తో మ్యూట్ చెయ్యండి, బజ్ కూడా ఆగుతుంది.

చివరి జపం 120లో మొదలుపెట్టి అర నిమిషానికి 8 చొప్పున పెంచుతూ పోతే ఐదు నిమిషాలు నిండేసరికి 200 అందుతుంది. రిహార్సల్‌లో బాగానే వస్తుంది. జనం ముందు అడ్రినలిన్ వల్ల రెండు నిమిషాలకే 190 ఎక్కేస్తారు, మిగతా మూడు నిమిషాలు ఎక్కడానికి మెట్టు ఉండదు, ముంజేతులు పట్టేస్తాయి. డ్రమ్మర్ చెవిలో మెట్రోనోమ్ ఉండాలి, మెట్లు ముందే అమర్చి ఉండాలి. భక్తి ఎంతున్నా క్లిక్ వద్దనకూడదు.

చెవుల సంగతి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు గరిష్ఠం, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అలా చూస్తే 100 దగ్గర 15 నిమిషాలే. చిన్న గదిలో డ్రమ్ కిట్ ఆ గీత సులువుగా దాటుతుంది. ఫోమ్ ప్లగ్‌ని సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పైభాగం పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోండి. ఊరికే చెవి గుమ్మంలో నొక్కి వదిలేస్తే దానివల్ల ఉపయోగం లేదు. సెట్ అయ్యాక చెవిలో గుయ్‌మంటే అది అనాహతనాదం కాదు, టినిటస్ అనే చెవి ఇబ్బంది.

మూడుతీగలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. డీ, ఏ, డీ అంటే స, ప, స అన్నది ఇన్నాళ్లూ చేతి కిందే ఉన్నా తట్టలేదు.

ఇంకో ముక్క. పిట్‌లో (వేదిక ముందు జనం ఒకరినొకరు గుద్దుకుంటూ ఎగిరే చోట) ఉన్నప్పుడు "నేను" అనేది కాసేపు కరిగిపోయినట్టుంటుంది, ఇది చాలామంది చెప్పే మాటే. మర్నాటికి మాత్రం ఒళ్లు నొప్పులే మిగులుతాయి. ఆ కరగడం నిజంగా ఆధ్యాత్మిక అనుభవమా, లేక ఉత్త ఆవేశమా? నిజమైతే నిలబెట్టుకోవడం ఎలా?

గోడకెదురు:

నిజమే, కానీ మీ సొంతం కాదు. గుంపుది. సమాజ శాస్త్రవేత్త దుర్ఖేమ్ 1912లోనే దీని గురించి రాశాడు: నలుగురూ ఒకచోట చేరి ఒకే లయలో కదిలితే పుట్టే ఉద్వేగాన్ని మనుషులు దైవమని గుర్తుపడతారని. కార్నెల్ విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్రవేత్తలు 2013లో మెటల్ కచేరీల వీడియోలు పరిశీలించి, మాష్ పిట్‌లో జనం వాయువులోని అణువుల్లా కదులుతారని, సర్కిల్ పిట్‌లో సుడిలా తిరుగుతారని చూపించారు. అణువుకి తన దారి అంటూ ఉండదు కదా, కరిగినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. గుంపు చెదిరితే ఆ స్థితీ చెదురుతుంది. అందులో మోసమేమీ లేదు. దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాలనుకోవడమే పేచీ.

మర్నాటికి మిగిలేది వేరే పనివల్ల వస్తుంది. పైన చెప్పిన బృందాల్లో దీక్ష తీసుకున్నవాళ్ల రోజు చూడండి: 16 మాలలు, అంటే 1728 మంత్రాలు, దాదాపు రెండు గంటలు, తెల్లవారుజామునే. పాటలో వినిపించే నిప్పుకి కట్టెలు అక్కడ పేరుస్తారు. అదొక్కటే దారి అనడం లేదు. అమెరికాలోని అక్రన్ నగరపు హార్డ్‌కోర్ బృందం జీరో డిఫెక్స్‌లో బేస్ వాయించిన బ్రాడ్ వార్నర్ సోటో జెన్ గురువు అయ్యాడు. ఆ సంప్రదాయంలో గోడకి ఎదురుగా ఊరికే కూర్చోవడమే సాధన. మంత్రం లేదు, బొమ్మ లేదు, చేరవలసిన స్థితి అంటూ ఏదీ లేదు. పంక్ మనస్తత్వానికి నప్పడానికి అదే కారణం కావచ్చు, అలంకారాలన్నీ పీకేశారు.

మీకు పనికొచ్చే కొలతలు ఇవి. జెన్ మందిరాల్లో మామూలుగా 40 నిమిషాల చొప్పున కూర్చుంటారు, మధ్యలో నెమ్మదిగా నడుస్తారు. మీరు 15తో మొదలుపెట్టండి, కానీ రోజూ, కచేరీ ఉన్న రోజుతో సహా. దిండు ఎంత ఎత్తుండాలంటే మోకాళ్లు తుంటి కన్నా కిందికి ఉండి నేలకి ఆనాలి. ఆనకపోతే నడుము గుండ్రంగా వంగి పది నిమిషాలకే నొప్పి. కాలు తిమ్మిరెక్కితే నరం నొక్కుకుంటోందని అర్థం, రక్తం ఆగిపోలేదు. కాళ్లు మార్చుకోవచ్చు, ఓర్చుకోవడంలో పుణ్యమేమీ లేదు. తిమ్మిరెక్కిన కాలి మీద ఒక్కసారిగా లేచి నిలబడకండి, చీలమండ మడతపడుతుంది. కళ్లు సగం తెరిచి, ఊపిరి వదిలినప్పుడల్లా ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రావాలి. 14, 15 అని పోతూ ఉంటే మనసు ఎప్పుడో జారిపోయిందని గుర్తు. తిట్టుకోకుండా ఒకటికి రండి.

వాయించిన రాత్రి ఇంటికొచ్చిన వెంటనే కూర్చోవద్దు. ఒంట్లో వేడి తగ్గదు, చెవి గుయ్‌మంటుంటుంది, మీరు కూర్చున్నది ధ్యానానికి కాదు, కచేరీని మళ్లీ మనసులో వాయించుకోవడానికి. మర్నాడు లేవగానే కూర్చోండి. ఒళ్లు నొప్పులున్నా సరే.

ప్రశ్నార్థకం:

అందరూ పూలదండలు వేస్తున్నారు కాబట్టి చేదు కాస్త నేను చెప్తాను. మూడో ప్రశ్నకి వెనకవరుస ఇచ్చింది సగం జవాబే. పంక్ ఎదిరించేది బలవంతాన్నే, నిజం. కానీ ఇష్టపడి చేరినచోట కూడా బలవంతం మెల్లగా మొలుస్తుంది.

దాఖలాలు కావాలా? భక్తివేదాంత స్వామి 1977లో పోయాక 11 మంది గురువులు ప్రపంచాన్ని మండలాలుగా పంచుకున్నారు. పదేళ్లలోపే ఆ ఏర్పాటు కుప్పకూలింది. చిన్నప్పుడు గురుకులాల్లో హింసకి గురైనవాళ్లు 2000లో అమెరికాలో కోర్టుకెక్కారు. బౌద్ధం వైపు కూడా తేడా ఏం లేదు. లాస్ ఏంజెలెస్‌లో పంక్ కుర్రాళ్లని బాగా ఆకట్టుకున్న ఒక ధ్యాన కేంద్రం, స్థాపకుడి మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు వచ్చాక 2018లో మూతపడింది. పచ్చబొట్లున్న గురువైనా గురువే. బ్యాడ్ బ్రెయిన్స్ సంగీతం అద్భుతం, కానీ 1982లో ఆస్టిన్‌లో బిగ్ బాయ్స్ బృందంతో వాళ్లకి వచ్చిన గొడవ, స్వలింగ సంపర్కుల మీద వాళ్ల మత నమ్మకం తెచ్చిన ద్వేషం వల్లే. స్ట్రెయిట్ ఎడ్జ్‌లోంచి 1990లో హార్డ్‌లైన్ అనే శాఖ పుట్టింది: వీగనిజంతో (పాలు, గుడ్లతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టకపోవడంతో) మొదలై గర్భస్రావం మీద, స్వలింగ సంపర్కుల మీద తీర్పుల దాకా పోయింది. నా నియమం నాకు అన్నది నా నియమం నీకూ అని మారే చోటే ప్రతిసారీ చెడింది. మైనర్ థ్రెట్ పాటలో ఉన్నది "నేను" మాత్రమే, గమనించారా?

పాలీ స్టైరీన్ సంగతి జాగ్రత్తగా చెప్పాలి. 1978లో ఆమె ఆకాశంలో గులాబీ కాంతి చూశానంది. ముందు ఆమెకి తప్పు రోగనిర్ధారణ జరిగింది, బైపోలార్ రుగ్మత అని చాలా ఏళ్లకి గాని తేలలేదు. ఆమె భక్తి అబద్ధమని కాదు. దర్శనాలు, నిద్ర లేకపోయినా అలుపు తెలియకపోవడం, తనకేదో ప్రత్యేకమైన పని అప్పగించారన్న నమ్మకం, ఈ మూడూ ఒకేసారి వస్తే గుడికి వెళ్లే ముందు మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. గుడి ఎక్కడికీ పోదు.

చేరబోయే చోట చూడవలసినవి. డబ్బు లెక్కలు అడిగితే చూపిస్తారా? చూపించకపోతే అక్కడితో ఆపండి. నిద్ర ఆరు గంటల కన్నా తగ్గించమంటున్నారా? నిద్ర చాలని మనిషి దేనికైనా తలాడిస్తాడు. పాత స్నేహితులతో మాటలు తగ్గించుకోమన్నారా? వెళ్లిపోయినవాళ్ల గురించి ఎలా మాట్లాడతారు? ఇది అన్నిటికన్నా గట్టి పరీక్ష: వెళ్లిపోయినవాళ్లందరూ చెడ్డవాళ్లో బలహీనులో అయితే, రేపు మీరూ అదే. కనీసం ఏడాది దాటేదాకా దీక్ష, వాయిద్యాలు అమ్మి ఇచ్చే విరాళం, పచ్చబొట్టు ఏదీ వద్దు.

గురువు లేకుండా కుదరదా అంటే, క్రాస్ బృందాన్ని చూడండి. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో వాళ్లది డయల్ హౌస్ అనే పాత ఇల్లు, 1967 నుంచీ ఎవరొచ్చినా తలుపు తీసే ఉండేది. రికార్డు అట్ట మీదే ఇంతకన్నా ఎక్కువ ఇవ్వకండని ధర అచ్చువేసేవాళ్లు. 1984లో ఆపేస్తామని ముందే చెప్పి, కేటలాగ్ నంబర్లలో ఏళ్లు వెనక్కి లెక్కపెడుతూ వచ్చి, అన్నట్టుగానే ఆపేశారు. దేవుడి పేరెత్తితే తిట్టేవాళ్లు. అయినా ఆ వైరాగ్యం చాలా మఠాల్లో కనపడదు.

వెనకవరుస:

క్రాస్ గురించి ఒప్పుకుంటాను. అయితే అక్కడ కూడా ముఖాలు కనపడకుండా అందరూ నల్లబట్టలే వేసుకునేవాళ్లు, అదీ ఒక దీక్షావస్త్రమే. నియమం లేని పంక్ ఎక్కడా లేదు.

ఫుగాజీ అనే బృందాన్ని కూడా వినండి. 5 డాలర్ల టికెట్, ఏ వయసువాళ్లయినా రావచ్చు, జనంలో ఎవరైనా పక్కవాణ్ణి గుద్దితే పాట ఆపేసి, అతని డబ్బులు అతనికిచ్చి పంపేసేవాళ్లు. మతం మాటే లేదు. కచేరీ జరుగుతుండగా పాట మధ్యలో ఆపగలగడం ఎంత కష్టమో వాయించేవాళ్లకి తెలుసు.

మూడుతీగలు:

చివరిది. జపం భాగంలో దేవుడి పేరు లేకుండా వేరే మాటలు వాడితే డబుల్‌స్ట్రోక్ చెప్పిన లెక్క నిలుస్తుందా? మా డ్రమ్మర్ నాస్తికుడు. ప్రశ్నార్థకం రాసింది చదివాక అతణ్ణి ఒప్పించాలని కూడా అనిపించడం లేదు.

డబుల్‌స్ట్రోక్:

నిలుస్తుంది. కావలసింది నాలుగు షరతులు: మాటకి రెండక్షరాలు, మొదటి అక్షరం కిక్ మీద పడ్డప్పుడు నోరు బాగా తెరుచుకునే అచ్చు, రెండో అక్షరం దీర్ఘంతో ముగియడం, మాటలు మూడుకి మించకపోవడం. "హరే" అందుకే అంత బాగా పనిచేస్తుంది. "రే" దగ్గర నోరు తెరిచే ఉంటుంది, గాలి ఆగదు. సున్నాతో, పొల్లుతో ముగిసే మాటలు వద్దు, పెదాలు మూసుకుంటాయి, 180లో తెరుచుకునే వ్యవధి ఉండదు. "శాంతి" కూడా ఇబ్బందే: మధ్యలో సున్నా, చివర "తి" ఇరుకు. "రావా", "పోరా", "లేదా" లాంటివి సులువు. అర్థం మీరు చూసుకోండి.

16 మాటల అమరిక మాత్రం మార్చకండి: రెండు మాటల జంట రెండుసార్లు, ఆపైన రెండో మాట ఒక్కటే రెండుసార్లు, మళ్లీ మొదటిది రెండుసార్లు. తర్వాతి 8 మాటలకీ రెండో మాట స్థానంలో మూడోది పెట్టి అదే వరస. ఆ తిరగేయడం లేకపోతే నాలుగో ఆవృతికల్లా నోరు యంత్రంలా కదులుతుంది, జనం కూడా ఎక్కడున్నారో మర్చిపోతారు. ఇంకో సంగతి, డ్రమ్మర్ నాస్తికుడైతే ఆ మౌనం నిమిషానికి గడియారం అతనికే అప్పగించండి. మిగతా ఇద్దరూ కళ్లు మూసుకుంటారు కాబట్టి ఎవరో ఒకరు సెకన్లు చూడాలి. మళ్లీ మొదలుపెట్టడానికి స్టిక్స్‌తో నాలుగు దెబ్బలు కొట్టకుండా ఒక్క కిక్‌తో దిగమనండి.